జీఎల్‌ఏ ఇచ్చేసి ఇన్నోవా హైక్రాస్‌కి వెళ్ళొచ్చా? వెనక సీట్లో ఎవరు కూర్చుంటారో చూసి తేల్చుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 2021 చివర్లో కొన్న మెర్సిడెస్ జీఎల్‌ఏ 200 పెట్రోల్ ఉంది. నలభై వేల కిలోమీటర్లు దాటింది, పొడిగించుకున్న వారంటీ ఇంకొన్ని నెలల్లో అయిపోతుంది. ఇల్లు కొండాపూర్, ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. అమ్మానాన్న ఇప్పుడు మీ దగ్గరే ఉంటున్నారు, పిల్లలకి పదేళ్ళు, నాలుగేళ్ళు. నెలకోసారి రాజమండ్రి ప్రయాణం. ఆరుగురు ఒక బండిలో పట్టరు కాబట్టి టయోటా ఇన్నోవా హైక్రాస్ గానీ మహీంద్రా ఎక్స్‌యూవీ700 గానీ చూస్తున్నారు. ఇంట్లోవాళ్ళేమో "బెంజి ఇచ్చేసి ఇన్నోవానా, ట్రావెల్స్ పెడతావా ఏంటి" అంటున్నారు. ఇది తప్పా, ఏది కొనాలి, పాతది ఎప్పుడు అమ్మాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: మార్చండి, వారంటీ చేతిలో ఉండగానే మార్చండి. మీ ఇంటికి హైక్రాస్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటారు కూడా ఉండేది) సరిపోతుంది, అదీ అన్నిటికన్నా పై వేరియంట్ అక్కర్లేదు. ఒక్క షరతు. అమ్మానాన్న, పిల్లలు వారంలో మూడు నాలుగు రోజులైనా ఆ బండి ఎక్కుతుంటేనే ఈ మాట. మీరొక్కరే ఆఫీసుకి వెళ్ళొస్తూ, ఆరుగురు కూర్చునేది రాజమండ్రి వెళ్ళేరోజు మాత్రమే అయితే నా జవాబు వేరేగా ఉంటుంది. అది కింద చెప్తాను.

నేను ఒక జర్మన్ బ్రాండ్ సర్వీస్ సెంటర్లో చాలా ఏళ్ళు అడ్వైజర్‌గా చేశాను. ఇప్పుడు మియాపూర్ వైపు సొంత వర్క్‌షాప్ ఉంది. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళకి బండి చూసి చెప్పడం కూడా నా పనిలో సగం. మీలాంటి మార్పు చేసినవాళ్ళు పాత బండీ కొత్త బండీ రెండూ నా దగ్గరికే తెస్తారు కాబట్టి మంచీ చెడూ రెండువైపులా వింటుంటాను.

ముందు సీట్ల సంగతి. చాలామంది పొడవు చూసి లోపల కూడా అంత పెరుగుతుందనుకుంటారు. జీఎల్‌ఏ పొడవు 4,410 మిల్లీమీటర్లు, వీల్‌బేస్ 2,729. ఎక్స్‌యూవీ700 పొడవు 4,695, వీల్‌బేస్ 2,750. అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య పెరిగింది రెండు సెంటీమీటర్లే. మిగతా పొడవంతా వెనక చక్రం అవతల మూడో వరసకీ డిక్కీకీ పోయింది. హైక్రాస్ పొడవు 4,755, వీల్‌బేస్ 2,850. అక్కడ పన్నెండు సెంటీమీటర్లు కలిసొస్తుంది. పైగా ఫ్లోర్ చదునుగా ఉండి ఎక్కడం దిగడం సులువు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎక్స్‌యూవీలోకి ఎక్కాలి, హైక్రాస్‌లోకి అడుగు పెట్టి కూర్చోవచ్చు. షోరూంలో మీరు కాదు, మీ అమ్మగారు పైనున్న పట్టీ పట్టుకుని ఎక్కి చూడాలి.

ఇక్కడ ఎవరూ ముందుగా ఆలోచించని చిక్కొకటి ఉంది. మీ చిన్నవాడికి చైల్డ్ సీటు ఉంది కదా, అది ఎక్కడ బిగిస్తారు? దాన్ని తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు ఈ రెండు బళ్ళలోనూ రెండో వరసలోనే ఉంటాయి. అంటే రెండో వరసలో ఒక సీటు వాడిదే. ఇక పెద్దవాళ్ళిద్దరిలో ఒకరు మూడో వరసకి వెళ్ళాల్సిందే, లేదా ముందు సీటుకి వెళ్ళాలి. ముందు సీటుకి వెళ్తే మీ ఆవిడ మూడో వరసలో పదేళ్ళ పిల్లతో కూర్చోవాలి. రాజమండ్రికి నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. చైల్డ్ సీటు బిగించాక దాన్ని ముందుకి మడిచి దారి చేయడం కుదరదు. అందుకే మధ్యలో సందుండే కెప్టెన్ సీట్ల వేరియంట్ చూడండి, ఆ సందులోంచి నడిచి వెనక్కి పోవచ్చు. ఎక్స్‌యూవీలో కూడా 2024 నుంచి పై వేరియంట్లలో ఆరు సీట్ల ఏర్పాటు వచ్చింది. టెస్ట్ డ్రైవ్‌కి చైల్డ్ సీటు పట్టుకెళ్ళి, బిగించి, ఆరుగురూ కూర్చోండి. సేల్స్ అబ్బాయి విసుక్కున్నా సరే.

ఆరుగురూ కూర్చున్నాక డిక్కీ ఎంత మిగులుతుందో కూడా అప్పుడే చూడండి. హైక్రాస్‌లో మూడో వరస నిలబెట్టి ఉన్నా 300 లీటర్లంటారు, రెండు మధ్యరకం సూట్‌కేసులూ కొన్ని చేతిసంచులూ పడతాయి. ఎక్స్‌యూవీలో మూడో వరస వాడితే అంత మిగలదు. ఊరినుంచి బియ్యం బస్తా, పచ్చళ్ళ జాడీలు తెచ్చే అలవాటున్న ఇల్లయితే ఈ ఒక్క కారణం చాలు తేల్చుకోవడానికి.

పార్కింగ్ టేపు పెట్టి కొలవండి. మీ పాతదానికన్నా హైక్రాస్ దాదాపు 35 సెంటీమీటర్లు పొడవు. అపార్ట్‌మెంట్ సెల్లార్లో పిల్లర్ పక్క స్లాట్ అయితే డోరు తెరుచుకుంటుందా, ర్యాంపు మలుపు ఒక్క తిప్పులో వస్తుందా అన్నది ముఖ్యం. కొన్న రెండు మూడు నెలల్లోనే కుడివైపు వెనక డోరుకి గీతలు పడ్డ పెద్ద బళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి, దాదాపు అన్నీ సొంత సెల్లార్లో తగిలినవే.

ఇక ఖర్చు. "పెద్ద బండి, తక్కువ ఖర్చు" అన్నమాట అన్ని పెద్ద బళ్ళకీ వర్తించదు. ఎక్స్‌యూవీ రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఆటోమేటిక్ 200 పీఎస్ ఇస్తుంది, నడపడానికి భలే ఉంటుంది, కానీ కొండాపూర్ ట్రాఫిక్‌లో తాగడం కూడా అలాగే తాగుతుంది. మీ జీఎల్‌ఏకి సిటీలో లీటరుకి తొమ్మిది కిలోమీటర్లు వస్తుంటే దానికీ అంతే, ఒక్కోసారి ఇంకా తక్కువ. డీజిల్ తీసుకుంటే మైలేజ్ మెరుగే, కానీ బీఎస్6 డీజిల్‌లో డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. రోజూ ఏడెనిమిది కిలోమీటర్ల సిటీ ప్రయాణంతో అది సరిగ్గా వేడెక్కక మసి పేరుకుంటుంది, వారానికోసారైనా ఓఆర్‌ఆర్ మీద ఓ అరగంట నడపాలి.

హైక్రాస్ హైబ్రిడ్ లెక్క వేరు. ఆగి కదిలే ట్రాఫిక్‌లోనే దానికి మైలేజ్ బాగా వస్తుంది. కంపెనీ చెప్పే 23.24 పక్కన పెట్టండి, నా కస్టమర్లకి సిటీలో పదిహేను పదహారు సులువుగా వస్తోంది. ఏడాదికి 12 వేల కిలోమీటర్లనుకుంటే, తొమ్మిది ఇచ్చే బండికి 1,330 లీటర్లు కావాలి, పదహారు ఇచ్చేదానికి 750. లీటరు 107 రూపాయల చొప్పున ఏడాదికి అరవై వేలకి పైగా తేడా. ఇది హైవే మీద ఇంతగా ఉండదు, అక్కడ రెండూ దగ్గరికొస్తాయి.

వర్క్‌షాప్ మనిషిగా నాకు అంతకన్నా నచ్చేది దాని లోపలి అమరిక. దాని గేర్‌బాక్స్‌ని పేరుకి ఈ-సీవీటీ అంటారు గానీ అందులో బెల్టు లేదు, క్లచ్ ప్లేట్లు లేవు, ప్లానెటరీ గేర్లూ మోటార్లూ ఉంటాయి. విడిగా స్టార్టర్ మోటార్, ఆల్టర్నేటర్ కూడా ఉండవు. అరిగిపోయే సామాను తక్కువ. మీ జీఎల్‌ఏలో ఉన్నది డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్. మంచి రోడ్డు మీద దాని షిఫ్టులు ఎంత హాయిగా ఉంటాయో, బంపర్‌కి బంపర్ ట్రాఫిక్‌లో పాకుతూ పోవడం ఆ రకం గేర్‌బాక్స్‌కి అంత కష్టం. హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. మీరు చేయాల్సిందల్లా బ్యాటరీకి గాలి వెళ్ళే జాలీని మ్యాట్‌తోనో సామానుతోనో మూసేయకుండా, సర్వీసులో దాని ఫిల్టర్ శుభ్రం చేయించడం.

ప్రీమియం చిన్న కార్లలో ఉన్న మెలిక ఏంటంటే, కారు సైజు చిన్నదే గానీ విడిభాగాల బిల్లు బ్రాండ్ సైజులో వస్తుంది. ఒక ఎల్‌ఈడీ హెడ్‌ల్యాంప్ లక్ష దాటడం మామూలు. నా దగ్గరికి వచ్చిన ఒక జర్మన్ చిన్న ఎస్‌యూవీ సంగతి చెప్తాను, బ్రాండ్ పేరు వద్దు. వారంటీ ఉన్నప్పుడు ఓనరుకి మంచి ఆఫర్ వచ్చింది, ఇంకో యాభై వేలు ఎక్కువ వస్తుందేమోనని ఆగాడు. ఆరో ఏడు గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్ పోయింది. షోరూం అంచనా నాలుగు లక్షలు దాటింది. మేము బయట రిపేరు చేయించినా అందులో సగం అయింది, పైగా ఆ రిపేరు సంగతి విని కొనేవాడు ఇంకా తగ్గించాడు. యాభై వేల కోసం ఆగితే తడిసి మోపెడైంది.

అందుకే వారంటీ మిగిలి ఉన్న జీఎల్‌ఏకీ, వారంటీ అయిపోయిన జీఎల్‌ఏకీ మార్కెట్లో ధర ఒకటి కాదు. కొనేవాడి భయానికి కూడా రేటుంటుంది. ఇంకొకటి, 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది కదా, కొత్త బండి ధరలు తగ్గాయి. కొత్తది తగ్గితే సెకండ్‌హ్యాండ్ కూడా దాని వెంటే దిగుతుంది. కాబట్టి 2025 మొదట్లో ఎవరో చెప్పిన రేటు మనసులో పెట్టుకుని కూర్చోకండి. ఆ జీఎస్టీ మార్పులో ఇంకో చిన్న సంగతి: పెద్ద ఎస్‌యూవీల మీద సెస్‌తో కలిపి 50 శాతం ఉండేది 40కి వచ్చింది, హైక్రాస్ హైబ్రిడ్ మీద 43 ఉండేది 40కి వచ్చింది. ఎక్స్‌యూవీకి తగ్గినంత హైక్రాస్‌కి తగ్గలేదు. పాత వీడియోల్లో చేసిన ధరల పోలిక ఇప్పుడు చెల్లదు. పేరు కూడా చూసుకోండి, 2026 జనవరి నుంచి ఎక్స్‌యూవీ700ని ఎక్స్‌యూవీ 7ఎక్స్‌ఓ పేరుతో అమ్ముతున్నారు. స్టాకులో మిగిలిన పాత 700 ఇస్తామంటే తయారీ తేదీ చూసి బేరమాడండి.

మీరు పోగొట్టుకునేదేంటో కూడా చెప్పాలి, లేకపోతే ఇది సేల్స్ మాట అవుతుంది. బ్యాడ్జీ సంగతి కాదు, దాని బెంగ రెండు నెలల్లో పోతుంది. నిజానికి మీ జీఎల్‌ఏలోని 1.3 ఇంజిన్ మెర్సిడెస్, రెనో కలిసి చేసింది. ఆ కుటుంబం ఇంజినే 2020లో ఇక్కడి డస్టర్ టర్బోలో 156 పీఎస్‌తో వచ్చింది. కాబట్టి మీరు డబ్బు పెట్టింది ఇంజిన్‌కి కాదు. ఓఆర్‌ఆర్ మీద వంద దాటినప్పుడు స్టీరింగ్ చేతిలో బరువుగా, కారు రోడ్డుకి అతుక్కుని వెళ్ళే ఆ స్థిమితానికి. బ్రేకు మీద కాలు పెడితే ముక్కు వంగకుండా ఆగడానికి. నడుముని రెండువైపులా పట్టుకునే సీటుకి. డోరు మూస్తే బయటి చప్పుడు తెగిపోవడానికి. హైక్రాస్ ఇవి మీకివ్వదు. గట్టిగా తొక్కితే ఇంజిన్ అరుస్తుంది, వేగం ఆ అరుపుకి తగ్గట్టు పెరుగుతున్నట్టు అనిపించదు. డాష్‌బోర్డు ప్లాస్టిక్ గట్టిగా ఉంటుంది, ఆ ధరకి అంత గట్టి ప్లాస్టిక్ పెట్టకూడదని నా అభిప్రాయం. ఎక్స్‌యూవీలో లోపల హంగు బాగుంటుంది, పెద్ద స్క్రీన్లు, చాలా ఫీచర్లు. కానీ మెత్తటి సస్పెన్షన్, ఫ్లైఓవర్ దిగే మలుపుల్లో పక్కకి ఊగుతుంది, మూడో వరసలో కూర్చున్నవాళ్ళకి ఆ ఊగడం ఎక్కువ తెలుస్తుంది. కారులో కడుపులో తిప్పే పిల్లలుంటే గమనించండి.

భద్రత విషయంలో దిగిపోతున్నామన్న భయం అక్కర్లేదు. ఎక్స్‌యూవీ700కి 2021లోనే క్రాష్ టెస్టులు చేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పెద్దల భద్రతలో ఐదు నక్షత్రాలిచ్చింది, హైక్రాస్‌కి 2025లో భారత్ ఎన్‌క్యాప్ ఐదు ఇచ్చింది. కాకపోతే వేరియంట్‌ని బట్టి సౌకర్యాలు మారతాయి, ఎయిర్‌బ్యాగుల లెక్క బ్రోషర్‌లో మీ వేరియంట్ వరసలోనే చూసుకోండి.

వేరియంట్ దగ్గరే చాలామంది లెక్క తప్పుతుంది. బెంజి నుంచి వస్తున్నాం కదా, తక్కువది ఎలా తీసుకుంటాం అని టాప్‌కి వెళ్తారు. హైక్రాస్‌లో అన్నిటికన్నా పై వేరియంట్ జెడ్‌ఎక్స్ ఆప్షనల్ హైదరాబాద్ ఆన్‌రోడ్ 40 లక్షల దరిదాపుల్లోకి పోతుంది. ఆ డబ్బుకి "తక్కువ ధరలో పెద్ద బండి" అన్న మాటే పోయింది. ఏడాస్, అంటే ఎదురుగా ఏదైనా వస్తే బండి తనే హెచ్చరించి బ్రేకు వేసే ఏర్పాటు, ఆ పైదాంట్లోనే వస్తుంది. దాన్ని హైవే మీద నిజంగా వాడతారా, లేక మన రోడ్ల మీద అడ్డదిడ్డంగా వచ్చే బైకులకి అది ఉలిక్కిపడుతుంటే ఆఫ్ చేస్తారా, మీరే ఆలోచించుకోండి. కాళ్ళు చాపుకునే ఒట్టమన్ సీట్లు జెడ్‌ఎక్స్ నుంచి మొదలు. అమ్మగారి కాళ్ళ వాపు సంగతి రాశారు కాబట్టి జెడ్‌ఎక్స్ కొంటే ఆ డబ్బుకి అర్థముంది. లేదంటే దానికి కింది వీఎక్స్ దగ్గర ఆగిపోండి. ఆ మిగిలిన డబ్బు మీ ఈఎంఐలో తగ్గుతుంది.

ఇప్పుడు ఆ షరతు. ఒక సాఫ్ట్‌వేర్ కస్టమర్ ఇలాగే చిన్న లగ్జరీ సెడాన్ ఇచ్చి పెద్ద ఎస్‌యూవీ టాప్ మోడల్ తీసుకున్నాడు. పిల్లలు స్కూల్ బస్సు, అమ్మానాన్న ఏలూరులో. రోజూ ఒక్కడే ఏడు సీట్ల బండిలో గచ్చిబౌలికి. ఏడాది తిరక్కుండానే ఆఫీసుకని ఓ సెకండ్‌హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్ కూడా కొన్నాడు. రెండు ఇన్సూరెన్సులు, రెండు పార్కింగులు. అతనికి పండగలకి ఒక ఇన్నోవా డ్రైవర్‌తో సహా అద్దెకి తీసుకుంటే సరిపోయేది. దానికి ఎదురు, విజయవాడలో ఒక డాక్టర్ గారు. పక్షవాతం వచ్చిన తండ్రిని వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. పైకప్పు వెనక్కి వాలి ఉండే కూపే తరహా లగ్జరీ కారు ఇచ్చి హైక్రాస్ తీసుకున్నారు. పాత కారు స్టీరింగ్ గుర్తొస్తుందని ప్రతి సర్వీసుకీ అంటారు, మార్చుకునే ఆలోచన మాత్రం లేదు. మీరు రాసిన దాన్నిబట్టి మీది ఆయన దారే.

నడపడం మీద మోజు చావనివాళ్ళు వేరే దారి అడుగుతారు. యూరప్‌లో ఇలాంటివాళ్ళు స్కోడా వాళ్ళ ఆక్టేవియాకో సూపర్బ్‌కో వెళ్తారు. ఇక్కడ ఆ రెండిటి మామూలు అమ్మకాలు 2023లో ఆగిపోయాయి, తర్వాత వచ్చినవి కొద్ది బళ్ళు, యాభై లక్షల దరిదాపు ధర. మిగిలింది కొడియాక్. రెండు లీటర్ల పెట్రోల్, 204 పీఎస్, 4x4, మీ జీఎల్‌ఏ నుంచి దిగినట్టు అనిపించని బండి. కానీ 2025లో కొత్త తరం వచ్చినప్పుడే 46.89 లక్షల ఎక్స్-షోరూమ్‌తో మొదలైంది, మూడో వరస పిల్లలకే. మీ ప్రశ్నకి అది జవాబు కాదు.

ఎలక్ట్రిక్ ఒకసారి ఆలోచించండి. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా ఎలక్ట్రిక్ బళ్ళకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయింపు. 20 లక్షలు దాటిన పెట్రోల్, డీజిల్ బండికి లైఫ్ ట్యాక్స్ ఎక్స్-షోరూమ్ మీద 18 శాతానికి తక్కువ కాదు, హైబ్రిడ్‌కి మినహాయింపు లేదు. అంటే లక్షల్లో తేడా. మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఎస్ ఏడు సీట్లతో 2025 నవంబరులో వచ్చింది. సెల్లార్లో మీ స్లాట్ దగ్గర ఛార్జర్‌కి అసోసియేషన్ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే అటు చూడండి, నోటిమాట నమ్మొద్దు.

"జీఎల్‌ఏ ఉంచేసి రెండోది కొంటే" అని కూడా రాశారు. వద్దు. పాతది మీ పేరు మీద ఉండగా రెండో బండి కూడా మీ పేరునే రిజిస్టర్ చేస్తే లైఫ్ ట్యాక్స్ మీద అదనంగా 2 శాతం పడుతుంది. వాడకుండా నిలబెట్టిన ప్రీమియం కారులో బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు గట్టిపడతాయి, ధర మాత్రం తగ్గుతూనే ఉంటుంది.

అమ్మేటప్పుడు మూడు చోట్ల కొటేషన్ తీసుకోండి: కొత్త బండి డీలర్ ఎక్స్‌ఛేంజ్, మెర్సిడెస్ సొంత యూజ్డ్ కార్ విభాగం, పాత కార్లు కొని అమ్మే ఒక మంచి కన్సల్టెన్సీ. ఎక్స్‌ఛేంజ్ బోనస్‌ని పాత బండి ధరలో కలిపి చూపిస్తారు, రెండూ విడివిడిగా రాయించుకోండి. సర్వీస్ హిస్టరీ ప్రింటు, రెండు తాళాలు, వారంటీ కాగితం ముందే సిద్ధం చేయండి. అమ్మడం కోసం కొత్త టైర్లు వేయించకండి, ఆ డబ్బు తిరిగిరాదు. లోపల శుభ్రం చేయించి, ఏవైనా ఫాల్ట్ కోడ్‌లు ఉన్నాయేమో స్కాన్ చేయించండి, వారంటీలో బాగుచేయించుకోగలిగేవి ఇప్పుడే చేయించుకోవచ్చు. లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్‌సీలో లోన్ తీసేయించే ఫారం 35 కావాలి. పెండింగ్ చలాన్లు కట్టేయండి. బండి పేరు మార్చే 29, 30 ఫారాల మీద సంతకం పెట్టి తాళం ఇచ్చేస్తే పని అయిపోదు, ఆర్‌సీ కొత్త పేరుకి మారేదాకా ఆ బండి మీదే. డెలివరీ నోటు మీద తేదీతో పాటు సమయం కూడా రాయించుకోండి. మీ సొంత పేరు మీది కారైతే అమ్మకం మీద మీకు జీఎస్టీ బాధ లేదు. కంపెనీ పేరు మీద ఉండి తరుగుదల చూపించుంటే ముందు ఆడిటర్‌ని అడగండి.

ఇన్సూరెన్స్‌లో ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు (నో క్లెయిమ్ బోనస్) వదిలేయకండి. అది కారుది కాదు, మీది. ఐదేళ్ళు క్లెయిమ్ లేకుండా ఉంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గింపు. పాత పాలసీ కంపెనీ నుంచి రిటెన్షన్ లెటర్ తీసుకుంటే మూడేళ్ళలోపు కొత్త బండికి వాడుకోవచ్చు. డీలర్ ఇచ్చే ఇన్సూరెన్స్ కొటేషన్‌లో చాలాసార్లు ఎన్‌సీబీ సున్నా అని ఉంటుంది, ఎవరూ అడగరు. బయట ఇంకో కొటేషన్ తెచ్చి పక్కన పెట్టండి. ఇన్‌వాయిస్‌లో ఒక శాతం టీసీఎస్ (డీలర్ ముందే వసూలు చేసే ఆదాయపన్ను) కనబడుతుంది, అది ఖర్చు కాదు, మీ పేరు మీద కట్టిన పన్నుగా జమవుతుంది, రిటర్న్‌లో సర్దుకోండి.

హైక్రాస్‌కి మీ వేరియంట్‌లో డెలివరీ ఎప్పుడిస్తారో బుకింగ్ ముందే రాతలో అడగండి. అది మీ వారంటీ గడువు దాటి పోయేట్టుంటే, జీఎల్‌ఏ ధర ఇప్పుడే ఖాయం చేసి బండి మాత్రం కొత్తది వచ్చాక ఇచ్చే ఒప్పందం అడగండి. కిలోమీటర్ల పరిమితి పెట్టి ఒప్పుకునే డీలర్లున్నారు. దానికి ఎవరూ ఒప్పుకోకపోతే జీఎల్‌ఏ ముందే అమ్మేసి, ఆ మధ్య కాలం నెలసరి అద్దె కారుతో గడపడమే చవక.